దారి తప్పని అన్వేషణ – మూడవ పాఠం: పటం మీద జలపాతాన్ని వెతకడం

గత రెండు పాఠాల్లో పటం స్కేలును, గుర్తులను చదవడం, కాంటూరు రేఖలను (ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలను) బట్టి నేల ఎత్తుపల్లాలను ఊహించుకోవడం నేర్చుకున్నాం. ఈ పాఠంలో ఆ నేర్పును ఒక నిర్దిష్టమైన పనికి వాడబోతున్నాం: ఏ యాత్రా జాబితాలోనూ కనిపించని జలపాతం ఒక ప్రాంతంలో ఎక్కడ ఉండే అవకాశం ఉందో, ప్రయాణానికి ముందే, బల్ల దగ్గర కూర్చుని అంచనా వేయడం. గుహలు, ఊటలు, సముద్రపు ఒడ్డున రాళ్ల మధ్య దాగిన చిన్న చిన్న ఇసుక తీరాలు కూడా మన ధారావాహికలోకి వస్తాయి గానీ, జలపాతంతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. అది ఏర్పడే తీరు స్పష్టమైనది, పటం మీద దాని జాడలూ స్పష్టమైనవి. ఈ ఒక్కదాన్ని శ్రద్ధగా సాధన చేసినవారికి మిగిలినవి చాలా సులువవుతాయి.

అజ్ఞాత స్థలాల కోసం బయలుదేరేవారిలో ఎక్కువమంది ఇతరులు తీసిన ఫోటోల ద్వారానే వెతుకుతారు. ఫోటో ఉన్న చోటికి ఎవరో ఒకరు అప్పటికే వెళ్లి వచ్చారు కాబట్టి, ఆ పద్ధతిలో దొరికేవన్నీ సగం తెలిసిన చోట్లే. నేల స్వభావాన్ని చదివి వెతికేవారికి ఆ పరిమితి ఉండదు. వాగు ఎక్కడ దూకుతుందో నిర్ణయించేవి వాలు, రాయి, నీరు అనే మూడే విషయాలు. ఈ మూడింటినీ ప్రజలకు అందుబాటులో ఉన్న పటాలు, ఉపగ్రహ చిత్రాల నుంచి తెలుసుకోవచ్చు.

ప్రసిద్ధమైన చోటుకు పొరుగున

కొత్తవారికి నేను మొదట చెప్పే పద్ధతి కొంత ఆశ్చర్యం కలిగించవచ్చు: అందరికీ తెలిసిన జలపాతం దగ్గరే వెతకడం మొదలుపెట్టండి. దీని వెనుక ఉన్న కారణాన్ని బాగా అర్థం చేసుకోవాలి. చాలా జలపాతాలు గట్టి శిల పొర కింద మెత్తని శిల పొర ఉన్న చోట ఏర్పడతాయి. నయాగరా ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ. అక్కడ పైన గట్టి డోలోమైటు రాయి, దాని కింద మెత్తని షేల్ రాయి ఉన్నాయి. నీరు కింది షేల్‌ను త్వరగా అరగదీస్తుంది, ఆధారం కోల్పోయిన పై రాయి అంచు విరిగి పడుతుంది, అందువల్ల గోడ నిట్టనిలువుగానే నిలుస్తూ క్రమంగా వెనక్కి జరుగుతుంది. ఇక్కడ మనకు కావలసిన విషయం ఏమిటంటే, ఆ శిల పొర ఒక్క నది కింద ఆగిపోదు. అది కిలోమీటర్ల కొద్దీ సాగుతుంది, దాన్ని దాటి కిందికి దిగే ప్రతి వాగుకూ అదే మెట్టు ఎదురయ్యే అవకాశం ఉంటుంది.

ఇదే సూత్రం ఎంత పెద్ద పరిమాణంలో పనిచేస్తుందో అమెరికా తూర్పు భాగంలో చూడవచ్చు. పీడ్‌మాంట్ అనే గట్టి శిలల పీఠభూమి, తీర మైదానపు మెత్తని అవక్షేపాలను కలిసే హద్దు వెంట అక్కడి నదులు ఒకదాని తరువాత ఒకటిగా జలపాతాలుగానో, రాళ్ల మీది ఉరవడులుగానో దిగుతాయి. ఆ హద్దుకు ఫాల్ లైన్ అనే పేరు స్థిరపడింది. పడవలు అక్కడి నుంచి పైకి సాగలేకపోవడం వల్లనే రిచ్‌మండ్ వంటి నగరాలు ఆ గీత మీద వెలిశాయి. మనం వెతికేది ఇంత పెద్దదాన్ని కాదు గానీ, ఒక కొండ వరుసలోని ఒకే రాతి అంచు మీద పేరున్న జలపాతం ఒకటి, పేరులేనివి కొన్ని ఉండడం మామూలే. పేరున్న దాని దగ్గరికి రోడ్డు వెళ్లింది, మిగిలినవాటి దగ్గరికి వెళ్లలేదు. తరచుగా ఉన్న తేడా అంతే.

పని ఇలా చేయాలి. తెలిసిన జలపాతం పై అంచు ఎంత ఎత్తులో ఉందో పటం మీద చూడండి. అది సముద్ర మట్టానికి 640 మీటర్లు అనుకుందాం. ఆ కొండ ముఖం మీదే ఇరుపక్కలా దిగే వాగులను ఒక్కొక్కటిగా తీసుకుని, అవి 640 మీటర్ల కాంటూరును దాటే చోట్లకు పెన్సిలుతో చుక్కలు పెట్టండి. శిల పొరలు సమతలంగా ఉన్న ప్రాంతంలో ఈ చుక్కలే మన మొదటి అభ్యర్థులు. పొరలు వాలుగా ఉంటే ఒక పక్కకు పోయేకొద్దీ అంచు ఎత్తు పెరుగుతూనో తగ్గుతూనో పోతుంది. అలాంటప్పుడు భూవిజ్ఞాన పటం తెచ్చుకుని, రెండు శిలల హద్దు గీత వాగును ఎక్కడ కోస్తుందో చూడడం మేలు.

ఈ పద్ధతి అన్ని చోట్లా సమానంగా పనిచేయదు. పొరలు లేని గ్రానైటు వంటి శిలల్లో జలపాతాలు పగుళ్లను బట్టి, శిలా సమూహపు అంచులను బట్టి ఏర్పడతాయి కాబట్టి, అక్కడ ఎత్తు పోలిక మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోకూడదు. ఒకప్పుడు హిమానీనదాలు కప్పిన పర్వతాల్లో లెక్క మరో విధంగా ఉంటుంది. అక్కడ ప్రధాన లోయను పెద్ద హిమానీనదం లోతుగా తొలిచింది, పక్క లోయలు అంత లోతుకు దిగక పైనే నిలిచిపోయాయి. అమెరికాలోని యోసెమిటీ లోయలో ఉన్న బ్రైడల్‌వీల్ జలపాతం అలాంటి పక్క లోయ నుంచే దూకుతుంది. అటువంటి ప్రాంతంలో ప్రధాన లోయ వెంట సాగుతూ, పక్క లోయ కలిసే ప్రతి చోటునూ పరీక్షించాలి.

రేఖలు చెప్పేవి, చెప్పనివి

చుక్కలు పెట్టిన తరువాత ప్రతి చుక్క చుట్టూ కాంటూరు రేఖలను భూతద్దంతో చూడండి. వాగును దాటేటప్పుడు రేఖ ఎగువ వైపుకు మొన తిరుగుతుందని రెండవ పాఠంలో చెప్పుకున్నాం. ఆ మొనలు వాగు వెంట ఒకదానికొకటి దగ్గరగా గుమికూడిన చోట వాగు వేగంగా దిగుతుంది. 1:50,000 స్కేలు పటంలో ఒక మిల్లీమీటరు అంటే నేల మీద 50 మీటర్లు. కాంటూరు అంతరం (పక్కపక్క రేఖల మధ్య ఎత్తు తేడా) 20 మీటర్లుగా ఉండి, రెండు మిల్లీమీటర్ల లోపల ఐదు రేఖలు వాగును దాటితే, వంద మీటర్ల దూరంలోనే వాగు కనీసం 80 మీటర్లు దిగుతోందన్న మాట. అది ఒకే దూకుడు కావచ్చు, మెట్లు మెట్లుగా దిగే వరుస కావచ్చు. పటం ఆ తేడాను చెప్పలేదు, కానీ వెళ్లి చూడవలసిన చోటని మాత్రం గట్టిగా చెబుతుంది.

ఇంతకంటే ముఖ్యమైనది పటం చెప్పని విషయం. అంతరం 20 మీటర్లు అయినప్పుడు, 15 మీటర్ల జలపాతం రెండు రేఖల మధ్య పూర్తిగా దాగిపోగలదు. ఒక్క రేఖ కూడా వంగి చెప్పదు, ఒక్క గుర్తూ కనిపించదు. 15 మీటర్లంటే దాదాపు ఐదంతస్తుల ఎత్తు; కింద లోతైన గుండం ఏర్పడడానికి అది చాలు. నా అభిప్రాయంలో నిజంగా మిగిలి ఉన్న అందమైన చోట్లలో చాలా భాగం ఈ రేఖల సందుల్లోనే ఉన్నాయి. అందువల్ల రేఖలు చిక్కగా లేవని చుక్కను వెంటనే కొట్టివేయకండి. దానికి రెండవ శ్రేణి ఇచ్చి పక్కన ఉంచండి. ఆ ప్రాంతానికి 1:25,000 స్కేలు పటం దొరికితే దానితో మళ్లీ చూడండి.

ఫోన్లలోను, కంప్యూటర్లలోను కనిపించే చాలా పటాల కాంటూరు రేఖలను యంత్రాలు ఎత్తుల సమాచారం నుంచి గీస్తాయి. ఆ సమాచారంలో పెద్ద భాగం 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో జరిపిన సర్వే నుంచి వచ్చినది, దాని గడి కొలత సుమారు 30 మీటర్లు. ఆ గడి కంటే ఇరుకైన లోయ అందులో చదునైపోతుంది. దట్టమైన అడవిలో రాడార్ తరంగాలు నేలను చేరకముందే చెట్ల కొమ్మల నుంచి తిరిగి వచ్చి ఉండవచ్చు. కాబట్టి సర్వేయర్లు నేల మీద కొలిచి గీసిన పటం దొరికినప్పుడు, అది పాతదైనా, వాలు విషయంలో దాని మాటకే విలువ ఇవ్వండి. దారులు, ఆనకట్టలు, క్వారీల విషయంలో మాత్రం కొత్త పటాన్నే నమ్మాలి. క్వారీ గోడ వల్ల కూడా రేఖలు గుమికూడి కనిపిస్తాయి.

నీరు ఉంటుందా

ఎత్తైన రాతి గోడ ఉండి నీరు లేకపోతే ప్రయాణం వృథా. అందుకే ప్రతి అభ్యర్థికీ పరీవాహక ప్రాంతాన్ని కొలవాలి. చుక్క నుంచి మొదలుపెట్టి, రెండు వైపులా కొండ వెన్నుల మీదుగా పెన్సిలు నడుపుతూ పైన కలపండి. ఆ గీత లోపల కురిసిన వానే ఈ వాగులోకి వస్తుంది. లోపలి వైశాల్యాన్ని చదరపు కిలోమీటర్లలో లెక్కించండి. ఒక చదరపు కిలోమీటరు మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే అది వెయ్యి ఘనపు మీటర్ల నీరు. మూడు చదరపు కిలోమీటర్ల మీద 10 మిల్లీమీటర్ల వాన పడి, అందులో సగం 12 గంటల్లో వాగులోకి వస్తుందనుకుంటే, సగటున సెకనుకు సుమారు 350 లీటర్ల నీరు పారుతుంది. అది చూడదగ్గ ప్రవాహమే. కానీ వాన ఆగిన కొద్ది రోజులకు ఇంత చిన్న వాగులో ఏమి మిగులుతుందన్నది నేల మీద ఆధారపడి ఉంటుంది. పైన అడవి, చిత్తడి నేల, చెరువు, నీటిని పీల్చుకుని నెమ్మదిగా వదిలే ఇసుకరాయి వంటివి ఉంటే ప్రవాహం నిలుస్తుంది. బోడి రాతి మీది నీరు వచ్చినంత త్వరగానే పోతుంది.

ఈ లెక్కలోనే ప్రమాదం కూడా కనిపిస్తుంది, దాన్ని దాటవేయకూడదు. ఇరుకైన లోయలో మీ తల మీద ఎండ కాస్తున్నప్పుడే ఎగువన కురిసిన వాన వరదై రాగలదు. పరీవాహక ప్రాంతం గీసుకున్నవారికి ఏ దిక్కు మేఘాలను గమనించాలో ముందే తెలిసి ఉంటుంది.

ఆకాశం నుంచి సాక్ష్యం

ఇప్పుడు ఉపగ్రహ చిత్రాల సహాయం తీసుకుందాం. యూరప్ ప్రయోగించిన సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు 2015 నుంచి ఉచితంగా అందుబాటులో ఉన్నాయి. వాటిలో ఒక పిక్సెల్, అంటే చిత్రంలోని అతి చిన్న గడి, నేల మీద 10 మీటర్లు. జలపాతం అందులో కనిపించదు, కనిపించాలని ఆశించకండి. మనం చూడవలసింది రుతువుల మధ్య తేడా. ఎండాకాలం చివరి నాటి చిత్రం ఒకటి, వానల తరువాతి చిత్రం ఒకటి పక్కపక్కన పెట్టి చూడండి. చుట్టుపక్కల అంతా ఎండి గోధుమ రంగుకు మారినప్పుడు కూడా వాగు వెంట సన్నని పచ్చని చార నిలిచి ఉంటే అక్కడ నేలలో తేమ ఉంది. ఆ చార కొండ వాలు మధ్యలో హఠాత్తుగా మొదలైతే, అక్కడ ఊట ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఆ తరువాత గూగుల్ ఎర్త్‌లో మరింత స్పష్టమైన పాత చిత్రాలను తేదీల వారీగా తిరగేసి, సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు తీసినవాటిలో రాతి అంచు నీడ పడుతోందేమో చూడండి. చిన్న వాగు మీద నిలువైన గోడను పట్టిచ్చేది చాలాసార్లు ఆ నీడే.

మూడు సాక్ష్యాలూ కలిసిన చోటును, అంటే వాలు, రాయి, నీరు ఒకే చుక్క దగ్గర అనుకూలంగా ఉన్న చోటును, మొదటి శ్రేణిలో ఉంచండి. రెండు కలిసినవి రెండవ శ్రేణి. ఒక్కటే ఉన్నదాని కోసం ప్రయాణం పెట్టుకోవద్దని నా సలహా.

వెళ్లే వీలు

దారి విషయం వచ్చే పాఠంలో వివరంగా వస్తుంది కాబట్టి ఇక్కడ అంచనా మాత్రం చాలు. 1892లో స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ ఇచ్చిన సూత్రం ప్రకారం, ఐదు కిలోమీటర్లకు ఒక గంట, దాని మీద ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట పడుతుంది. ఇది మంచి కాలిబాట మీద దృఢంగా నడిచేవారి లెక్క. దారిలేని అడవిలో, రాళ్ల వాగులో దీనికి రెండు మూడు రెట్లు వేసుకోవాలి. చేరే దారిని ఎప్పుడూ దిగువ నుంచి గీసుకోండి. జలపాతం పై అంచు దగ్గర తడి రాయి మీద కాలు జారితే ఆపుకోవడానికి ఏమీ ఉండదు. ఆ నేల ప్రైవేటుదా, రక్షిత ప్రాంతమా, అనుమతి అవసరమా అన్నది కూడా ఈ దశలోనే విచారించాలి. అనుమతి లేని చుక్కను ఎంత ఆశ కలిగించినా కొట్టివేయండి.

దొరికిన చోటు వివరాలను బయట పెట్టే విషయంలో ఇప్పుడే ఒక నిర్ణయానికి రావాలని కోరుతున్నాను. థాయిలాండ్‌లోని మాయా బే అనే చిన్న తీరం సందర్శకుల తాకిడికి పగడపు దిబ్బలు దెబ్బతిని, 2018 జూన్ నుంచి 2022 జనవరి దాకా మూసివేయవలసి వచ్చింది.  మనం వెతికే గుండాలు దానికంటే చాలా చిన్నవి. వాటి అక్షాంశ రేఖాంశాలు మీ నోటుపుస్తకంలోనే ఉండనివ్వండి. ఫోటో పంచుకునేటప్పుడు దానిలో దాగి ఉండే స్థాన సమాచారాన్ని తీసివేయండి. ఎవరైనా అడిగితే పద్ధతి నేర్పండి.

అభ్యాసం

మీరు వెళ్లాలనుకునే కొండ ప్రాంతానికి చెందిన ఒకే ఒక పటాన్ని తీసుకోండి. దానిలో తెలిసిన జలపాతం ఒకటి ఉండాలి. పై క్రమంలో చుక్కలు పెట్టి, వాటిలో మూడింటిని ఎంచుకుని, ఒక్కొక్కదానికి ఒక పేజీ కేటాయించండి. పై అంచు ఎత్తు, వాగును దాటే రేఖల సంఖ్య, వాటి మధ్య దూరం, పరీవాహక వైశాల్యం, శిల రకం, రెండు రుతువుల చిత్రాల్లో కనిపించిన తేడా, దగ్గరి దారి నుంచి దూరం రాయండి. పేజీ చివర, అక్కడ ఏమి కనిపిస్తుందని అనుకుంటున్నారో రెండు మూడు వాక్యాల్లో స్పష్టంగా రాయండి: ఒకే దూకుడా, మెట్ల వరుసా, ఏ నెల దాకా నీరు ఉంటుంది, కింద గుండం ఉంటుందా. ఊహ ఎంత నిర్దిష్టంగా ఉంటే అంత మంచిది, ఎందుకంటే నాలుగవ పాఠంలో ఈ పేజీలనే పట్టుకుని వాగు వెంట పైకి నడుస్తూ, నీటి శబ్దం, రాళ్ల పరిమాణం, ఒడ్డు మొక్కల మార్పును బట్టి ఒక్కో ఊహను సరిచూసుకుంటాం.