ఫ్యాన్లు తిరుగుతున్నా స్క్రీన్ రాకపోతే ముందు ర్యామ్ చూడండి

బరంపురం, గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలి ఉండనే ఉంది, వానాకాలం దానికి చెమ్మ తోడవుతుంది. కొన్నాళ్లు వాడకుండా వదిలేసిన అసెంబుల్డ్ కంప్యూటర్ ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతాయి, డిస్‌ప్లే మాత్రం రాదు. మదర్‌బోర్డు పోయిందని అప్పుడే కొత్తదానికి డబ్బు తగలేయకండి.

ప్లగ్ పీకేసి పవర్ బటన్ ఓ 20 సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. ర్యామ్, అంటే మదర్‌బోర్డు స్లాట్‌లో గుచ్చి ఉండే మెమరీ స్టిక్, తీసి, దాని అంచున ఉన్న బంగారు రంగు కాంటాక్టులను పెన్సిల్ రబ్బరుతో రెండు వైపులా మెల్లగా రుద్దండి. మాసిన పొర రబ్బరుకే నల్లగా అంటుకుంటుంది. ఆ పొట్టు స్లాట్‌లో పడితే మళ్లీ అదే తంటా, కాబట్టి బయటే మెత్తని బ్రష్‌తో దులిపేయండి. నాలుగు స్లాట్ల బోర్డయితే ఒక్క స్టిక్కే, ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో, టక్కుమనేదాకా నొక్కండి.

అయినా రాలేదా? ప్రాసెసర్ దగ్గరి 8 పిన్నుల కేబుల్ చూడండి. అది ఊడినా ఫ్యాన్లు తిరుగుతాయి, అక్కడే మోసపోతాం. గ్రాఫిక్స్ కార్డు ఉంటే మానిటర్ కేబుల్ కార్డుకే పెట్టాలి. ఆఖరున, ప్లగ్ పీకేసే ఉంచి, మదర్‌బోర్డు మీద నాణెంలా ఉండే సీఆర్2032 సెల్లు 5 నిమిషాలు తీసి ఉంచి, తిరిగి పెట్టండి, బోర్డు సెట్టింగులు మొదటికొస్తాయి. డీడీఆర్5 అనే కొత్త రకం ర్యామ్ వాడే బోర్డయితే ఆ తర్వాత మొదటిసారి స్క్రీన్ రావడానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు, కంగారుపడి మధ్యలో ఆపేయకండి.