చలికాలం క్రాస్‌కంట్రీ పరుగుకు వచ్చే ముందు

ఆదివారం పొద్దున ధర్మసాగర్ వైపు పరుగు. క్లబ్ వాళ్లంతా ఇవి ఒకసారి చూసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం, దారి ముందురోజే నడిచి చూడాలి. క్రాస్‌కంట్రీ అంటే రోడ్డు పరుగు కాదు, పొలాలు, గట్ల మీదుగా పోయే పరుగు. కోసిన మడిలో వరి కొయ్యకాళ్లు గట్టిపడి నిలబడి ఉంటాయి. మంచు పడితే గట్టు మీద గడ్డి సబ్బులా జారుతుంది. యాసంగి నాట్లకు నీళ్లు పెట్టిన చోట గట్టు మెత్తబడి కాలు కుంగుతుంది. పోయిన ఏడు అలాంటి చోటే నా చీలమండ బెణికింది, 3 వారాలు మంచం మీదే. గట్ల మీద ఒకరి వెనక ఒకరు పోండి, తోసుకోవద్దు.

కొత్త బూట్లు వద్దు. లేసులకు రెండు ముళ్లు వేసి కొసలు లోపలికి దోపండి. బురద పట్టిన లేసు ఊడితే, చలికి బిగుసుకుపోయిన వేళ్లతో కట్టడం కష్టం.

స్వెటర్‌తోనే 15 నిమిషాలు మెల్లగా ఉరికి, పరుగు మొదలయ్యే ముందు తీసేయండి. అయిపోగానే తడిసిన బనీను మార్చాలి.

తిండి 2 గంటల ముందే, తేలికగా. చలికి దాహం తెలియదు, అయినా నీళ్లు తాగండి.

ఆస్తమా ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ బ్యాగులో కాదు, జేబులో పెట్టుకోండి. చల్లగాలికి పిల్లికూతలు మొదలవుతాయి. జ్వరం ఉంటే రావద్దు.

జట్టు పోటీలో ప్రతి జట్టు నుంచి ముందు వచ్చిన కొందరి స్థానాలనే (మొదట వస్తే 1, రెండో వస్తే 2) లెక్కిస్తారు, అవి కలిపితే ఏ జట్టు మొత్తం తక్కువో వాళ్లే గెలుస్తారు. కాబట్టి వెనకబడ్డా వదిలేయకండి. కానీ ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా వెంటనే ఆగిపోవాలి. పక్కనున్నవాళ్లు కూడా ఆగి 108కి ఫోన్ చేయాలి.