ఇంటి ముందు దీపాలకు పాట జోడించే ముందు జాగ్రత్తలు

అమెరికాలో డిసెంబరు వచ్చిందంటే పాటకు తగ్గట్టు ఇంటి దీపాలను ఆడించే సరదా మన తెలుగువాళ్లకూ అబ్బింది. తీగలు బిగించకముందే పాటల సంగతి తేల్చుకోండి. ఒక్కో పాటకు దీపాల వరుస కూర్చడానికి గంటలు పడుతుంది. తరువాత పాట మార్చాల్సి వస్తే ఆ శ్రమంతా వృథా.

• పాట కొన్నంత మాత్రాన వీధికి వినిపించే హక్కు రాదు. స్ట్రీమింగ్ చందా సొంతంగా వినడానికే. బంధుమిత్రులను దాటి బయటివారు గుమిగూడితే చట్టం దృష్టిలో అది బహిరంగ ప్రదర్శన. అనుమతులిచ్చేది ఆస్కాప్, బీఎంఐ, సీసాక్, జీఎంఆర్ వంటి సంస్థలు.

• రుసుము, లాభాపేక్ష లేని ప్రదర్శనలకు చట్టంలో కొంత మినహాయింపు ఉంది. రేడియో ప్రసారానికి అది వర్తించదు. విరాళాల డబ్బా పెట్టాలనుకుంటే ముందు న్యాయవాదిని అడగండి.

• పాత పాటే కదా అని ధీమా పడకండి. ‘జింగిల్ బెల్స్’ 1857 నాటిది, ఆ బాణీ ఎవరైనా వాడుకోవచ్చు. నిరుడు ఎవరో పాడి విడుదల చేసిన రికార్డింగు మాత్రం వారిదే. మీ అమ్మాయి కీబోర్డు మీద ఆ పాత బాణీ వాయిస్తే రికార్డు చేసి పెట్టుకోండి. నా మటుకు అంతకు మించిన మార్గం లేదు.

• కార్లలో కూర్చుని చూసేవారికి రేడియోలో పాట వినిపించడానికి ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ పెడితే, లైసెన్సు లేకుండా అమెరికా ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఒప్పుకునేది సుమారు 200 అడుగుల దూరమే. పాట అనుమతి వేరు, ఇది వేరు.

• వీడియో తీసి నెట్‌లో పెట్టాలంటే దృశ్యానికి పాట జోడించే హక్కు విడిగా తీసుకోవాలి.