ఇంటి క్లౌడ్ – 3వ పాఠం: ఎన్ని టెరాబైట్లు కొనాలి?

ఇంటి క్లౌడ్ అంటే ఇంటిల్లిపాది ఫైళ్లను డిస్కుల్లో దాచి, ఇంటి నెట్‌వర్క్ ద్వారా అందరికీ అందించే పెట్టె. ఒక డిస్కు పట్టే పెట్టెకూ రెండు డిస్కులు పట్టే పెట్టెకూ ఉన్న తేడాను గత పాఠంలో తెలుసుకున్నాం. ఇప్పుడు ఆ డిస్కుల సామర్థ్యాన్ని లెక్కకట్టడం నేర్చుకుందాం. చాలామంది తమ దగ్గర ఈరోజు ఉన్న ఫైళ్లను మాత్రమే చూసి కొంటారు. నిజానికి చూడవలసింది అవి ఏడాదికి ఎంత పెరుగుతున్నాయన్నది.

నలుగురున్న ఒక ఇంటిని తీసుకుందాం. అందరూ కలిసి నెలకు 500 ఫొటోలు తీస్తే, ఒక్కొక్కటి సుమారు 4 మెగాబైట్ల చొప్పున నెలకు 2 గిగాబైట్లు, ఏడాదికి 24 గిగాబైట్లు అవుతాయి. అసలు బరువు వీడియోలది. సెకనుకు 30 ఫ్రేముల 4కే వీడియోను, ఫైలును కుదించి దాచే హెచ్‌ఈవీసీ పద్ధతిలో తీస్తే ఐఫోన్‌లో నిమిషానికి దాదాపు 170 మెగాబైట్లు పడుతుంది కనుక, నెలకు రెండు గంటలు తీసినా ఏడాదికి 245 గిగాబైట్లు చేరతాయి. రెండూ కలిపి ఏడాదికి దాదాపు 270, అయిదేళ్లకు 1,350 గిగాబైట్లు. పాతవి 600 ఉన్నాయనుకుంటే మొత్తం 1,950. డిస్కులో అయిదో వంతు ఎప్పుడూ ఖాళీగా ఉంచడం మంచిది కాబట్టి 1,950ని 0.8తో భాగించాలి, దాదాపు 2.44 టెరాబైట్లు వస్తుంది. ఈ ఇంటికి 2 టెరాబైట్లు చాలవు, 4 కొనాలి. పెళ్లి వీడియోల ముడి ఫైళ్లు కూడా దాచుకునేవారు వాటిని విడిగా కలుపుకోవాలి.

4 టెరాబైట్ల డిస్కు విండోస్‌లో సుమారు 3.64గా కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. బైట్ల నుంచి టెరాబైట్ల దాకా ప్రతి మెట్టునూ తయారీదారులు వెయ్యితోనూ, విండోస్ 1,024తోనూ లెక్కిస్తారు, అంతే.

రెండు డిస్కులను అద్దంలా జతచేసి, ఒకదానిలో ఉన్నదే రెండోదానిలోనూ ఉంచే రెయిడ్ 1 పద్ధతిలో 4, 4 వేస్తే వాడుకోగలిగేది 4 టెరాబైట్లే. 4, 8 వేసినా మామూలుగా అంతే. ఒక డిస్కు పాడైతే రెండోది ఆదుకుంటుంది గానీ, పొరపాటున చెరిపేసిన ఫొటో అదే క్షణంలో రెండింటి నుంచీ పోతుంది. అందుకే పెట్టెలో ఇంకా పెద్ద డిస్కులు వేయడం కన్నా, ఆ డబ్బుతో విడిగా ఒక బయటి డిస్కు కొని, నెలకోసారి ఫైళ్లన్నిటినీ అందులోకి కాపీ చేసి, మరో ఇంట్లో దాచమని గట్టిగా చెబుతాను.

అభ్యాసం: ఇంట్లోని ప్రతి ఫోనులో ఫొటోలు, వీడియోలు ఆక్రమించిన స్థలాన్ని ఈరోజు ఒకసారి, సరిగ్గా నెల తరువాత మరోసారి రాసుకోండి. మధ్యలో ఏమీ చెరపకండి. ఆ తేడాను 60తో (అయిదేళ్లలోని నెలలు) హెచ్చించి, పాత ఫైళ్ల పరిమాణం కలిపి, 0.8తో భాగించండి. వచ్చిన సంఖ్యను దగ్గర ఉంచుకోండి; డిస్కు రకాలను పోల్చే 4వ పాఠంలో దానితో పని ఉంటుంది.