రెట్ సిండ్రోమ్ అనుమానం: ఎమ్‌ఈసీపీ2 పరీక్ష చేయించడం, రిపోర్ట్ చదవడం

ఏడాది, ఏడాదిన్నర దాకా బాగానే పెరిగిన ఆడపిల్ల వచ్చిన మాటలు పోగొట్టుకుని, బొమ్మ పట్టుకోవడం మానేసి, రెండు చేతులూ ఛాతీ ముందు గుడ్డ పిండినట్టు పదేపదే నలుపుకుంటుంటే ఆటిజం అనుకుని ఆగిపోకండి. అది రెట్ సిండ్రోమ్ అనే, మెదడు ఎదుగుదలను దెబ్బతీసే జన్యు జబ్బు కావచ్చు. సుమారు 10,000 మంది ఆడపిల్లల్లో ఒకరికి వస్తుంది.

చాలామందిలో దీనికి మూలం ఎక్స్ క్రోమోజోమ్ మీది ఎమ్‌ఈసీపీ2 జన్యువు అని 1999లో జన్యు శాస్త్రవేత్త హుదా జోగ్బీ బృందం తేల్చింది. అది తయారుచేసే ప్రోటీన్, డీఎన్‌ఏ మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులున్న చోట అతుక్కుని, నాడీకణంలో ఏ జన్యువు ఎంత పనిచేయాలో అదుపు చేస్తుంది. కూరలో ఉప్పులాంటిది: తగ్గితే రెట్, రెట్టింపైతే ముఖ్యంగా మగపిల్లల్లో తీవ్రమైన బుద్ధిమాంద్యం, మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్లు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు పాప మెలకువగా ఉన్నప్పుడు చేతుల కదలికను రెండు నిమిషాలు ఫోన్‌లో వీడియో తీయండి. నిద్రలో ఆ కదలిక ఆగిపోతుంది. టేపును కనుబొమల పైనుంచి, వెనక బాగా ఉబ్బిన చోటి మీదుగా తిప్పి తల చుట్టుకొలత రాసుకోండి. పాత టీకా కార్డులో కొలతలుంటే తీసుకెళ్లండి. తల పెరుగుదల ఎప్పుడు మందగించిందో వాటిలోనే తెలుస్తుంది.

పరీక్షకు ఊదా మూత ఈడీటీఏ ట్యూబులో (రక్తం గడ్డకట్టకుండా ఉంచేది) 2–3 మి.లీ. రక్తం చాలు, పరగడుపు అక్కర్లేదు. అసలు పొరపాటు జరిగేది ఇక్కడే: సీక్వెన్సింగ్ (జన్యువులోని అక్షరాలను వరసగా చదివే పరీక్ష) ఒక్కటే చేయించి ‘నార్మల్’ అనుకుంటారు. జన్యువులో పెద్ద ముక్క ఎగిరిపోతే సీక్వెన్సింగ్‌కు చిక్కకపోవచ్చు, దానికి ముక్కలు పోయాయా, ఎక్కువయ్యాయా అని లెక్కపెట్టే ఎమ్‌ఎల్‌పీఏ పరీక్ష కావాలి. జన్యువులో మొదటి ఎక్సాన్ (ప్రోటీన్ తయారీకి పనికొచ్చే భాగం) కూడా చదివారా అని ల్యాబ్‌ను అడగండి. ఈ రెండు పరీక్షలూ నార్మలే అయినా రెట్ కాదని కొట్టిపారేయలేం. నిర్ధారణ లక్షణాల మీదే ఆధారపడుతుంది. సీడీకేఎల్5, ఫాక్స్‌జీ1 జన్యువుల్లో లోపాలూ ఇలాగే కనిపిస్తాయి.

రిపోర్ట్‌లో ‘పాథోజెనిక్’ అంటే జబ్బుకు కారణమయ్యే మార్పు. ‘వీయూఎస్’ అంటే ఇంకా అర్థం తేలని మార్పు, దాన్ని పట్టుకుని ఏ నిర్ణయమూ తీసుకోకండి. మార్పు దాదాపు ఎప్పుడూ పాపలో కొత్తగా వచ్చిందే, తల్లి తప్పేమీ లేదు. అయినా మరో బిడ్డను కనాలనుకుంటే తల్లికీ పరీక్ష చేయించి, జెనెటిక్ కౌన్సెలర్‌ను కలవండి. గుండె లయలో తేడాలు రావచ్చు కాబట్టి పాపకు ఈసీజీ తప్పనిసరి.

ఈ జబ్బులో నాడీకణాలు చచ్చిపోవు, వాటి కొమ్మలు తక్కువగా, చిన్నగా మిగిలిపోతాయి. 2007లో శాస్త్రవేత్త ఏడ్రియన్ బర్డ్ బృందం ఎలుకల్లో ఆ జన్యువును తిరిగి పనిచేయిస్తే లక్షణాలు చాలావరకు వెనక్కి తగ్గాయి. పిల్లల్లో అలాంటి చికిత్స ఇంకా ప్రయోగాల్లోనే ఉంది. పాపకు మాత్రం పైకి చూపగలిగిన దానికంటే ఎక్కువే అర్థమవుతుంది. పాలగ్లాసు ఒక వైపు, అరటిపండు ఇంకో వైపు పట్టుకుని “ఏది కావాలమ్మా?” అని అడిగి, ఇరవై ముప్ఫై సెకన్లు మాట్లాడకుండా ఆగండి. చూపు ఎటు నిలిస్తే అదే ఇవ్వండి.