మంచినీళ్ల సర్వేకు ఇళ్లను ఎంచుకోవడం ఎలా?

ఊళ్లో మంచినీటి సరఫరాపై సర్వే తలపెట్టినవారు సాధారణంగా ముందు ప్రశ్నలు రాయడానికి కూర్చుంటారు. అంతకన్నా ముందు ఇళ్ల పూర్తి జాబితా చేతిలో ఉండాలి. పంచాయతీ ఇంటిపన్ను రిజిస్టరు మంచి ఆధారమే గానీ, కొత్తగా వేసుకున్న గుడిసెలు, అద్దెకున్న కుటుంబాలు అందులో ఉండకపోవచ్చు కాబట్టి వీధివీధీ తిరిగి సరిచూసుకోవాలి. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ పత్రిక ఫోను డైరెక్టరీలు, కారు రిజిస్ట్రేషన్ల వంటి జాబితాల నుంచి పేర్లు తీసుకుని దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. తిరిగొచ్చిన 20 లక్షలకు పైగా జవాబులను బట్టి రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. కానీ ఆయన ప్రత్యర్థి రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలుచుకున్నాడు. ఫోనూ కారూ లేని ఓటర్లు ఆ జాబితాలకు ఎక్కనే లేదు, బ్యాలెట్లు అందినవారిలోనూ అధికులు బదులివ్వలేదు.

ఊళ్లో 600 ఇళ్లు ఉన్నాయనుకుందాం: పాత ఊళ్లో 420, కాలనీలో 120, తండాలో 60. 100 ఇళ్లు చూడాలంటే అదే నిష్పత్తిలో 70, 20, 10 చొప్పున పంచుకుని, ఒక్కో భాగంలో ఇంటి నంబర్లు చీటీల మీద రాసి లాటరీ తీయాలి. దీన్ని స్తరీకృత నమూనా అంటారు. చీటీలకు బదులు ప్రతి ఆరో ఇంటినీ తీసుకోవచ్చు. అయితే వరుసకు ఆరిళ్లున్న కాలనీలో ప్రతిసారీ పైపు చివరి ఇల్లే తగిలితే, నీళ్లు అందనివారి మాటే కాలనీ అంతటి మాటగా నమోదవుతుంది.

ఉదయం పదకొండింటికి వెళితే కూలికి పోయినవారి ఇళ్లకు తాళాలుంటాయి. పక్కింటివారిని అడిగి సరిపెట్టడం సర్వేలో జరిగే అతిపెద్ద తప్పని నా అభిప్రాయం. సాయంత్రమో ఆదివారమో అదే ఇంటికి మూడుసార్లయినా తిరిగి వెళ్లాలి.

"నీళ్లు సరిగా వస్తున్నాయా?" అన్న ప్రశ్నకు ఒక్కొక్కరు ఒక్కో అర్థం చెప్పుకుంటారు. "నిన్న మీ కుళాయిలో నీళ్లు ఎంతసేపు వచ్చాయి? ఎన్ని బిందెలు పట్టుకున్నారు?" అని అడగండి. బెంగాల్ జనపనార పంట సర్వేలకు గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ ముందుగా చిన్న స్థాయిలో ప్రయోగం చేసినట్టే, ప్రశ్నావళిని శాంపిల్‌లో లేని పదిళ్లలో అడిగి చూసి, తడబడిన చోటల్లా మార్చుకోవాలి.

వంద ఇళ్ల ఫలితం దాదాపు పది శాతం అటూఇటూగా ఉండవచ్చు. పెద్ద పట్టణంలో ఆ తేడాను సగానికి తగ్గించాలంటే శాంపిల్ నాలుగింతలు కావాలి. ఎన్ని ఇళ్లు ఎంచుకున్నారో, ఎన్నింటిలో జవాబు దొరికిందో రెండు సంఖ్యలూ నివేదిక మొదటి పేజీలోనే రాయండి.