ఇంగ్లీషులో కదలికను సరిగా చెప్పడం ఎలా?

"అతను పరిగెత్తుకుంటూ రోడ్డు దాటాడు" అనే వాక్యాన్ని ఇంగ్లీషులో చెప్పమంటే మనలో చాలామంది "హీ క్రాస్డ్ ద రోడ్ రన్నింగ్" అంటారు. అందులో వ్యాకరణ దోషమేమీ లేదు గానీ, ఇంగ్లీషు మాతృభాషగా గలవారు మామూలుగా "హీ ర్యాన్ అక్రాస్ ద రోడ్" అంటారు. తెలుగులో దాటడం అనే దారి సంగతిని ప్రధాన క్రియ చెబుతుంది, పరిగెత్తడం అనే తీరు దానికి ముందు తోడుగా వస్తుంది. ఇంగ్లీషులో తీరే క్రియ అవుతుంది, దారి మొత్తం "అక్రాస్" అనే చిన్న మాట మీద పడుతుంది. దారిని క్రియలోనే ఇముడ్చుకునే భాషలకూ, దాన్ని క్రియ పక్కనుండే మాటకు అప్పగించే భాషలకూ మధ్య ఉన్న ఈ తేడాను లెనర్డ్ టాల్మీ అనే అమెరికన్ భాషాశాస్త్రవేత్త 1985 నాటి తన వ్యాసంలో వివరంగా చర్చించారు. ఎక్కు, దిగు, దాటు, చేరు, దూరు వంటి క్రియలతో పని జరుపుకునే మనకు ప్రిపోజిషన్లు, అంటే "అక్రాస్" వంటి ఈ చిన్న మాటలు, తడబాటు కలిగించడానికి ముఖ్య కారణం ఇదే అని నా అభిప్రాయం. కాబట్టి ప్రిపోజిషన్ల జాబితాను బట్టీ పట్టే ముందు, తెలుగు వాక్యాన్ని విడదీయడం నేర్చుకోవాలి.

మొదటి మెట్టు: దారిని, తీరును వేరు చేయండి

చెప్పదలచుకున్న తెలుగు వాక్యంలో ఎటు కదిలారో చెప్పే మాట ఏది, ఎలా కదిలారో చెప్పే మాట ఏది అని చూడండి. "ఆమె కుంటుకుంటూ మెట్లు దిగింది" అన్నప్పుడు దిగడం దారి, కుంటడం తీరు. కుంటడాన్ని క్రియగా, దిగడాన్ని "డౌన్"గా మారిస్తే "షీ లింప్డ్ డౌన్ ద స్టెయిర్స్" అవుతుంది. "పిల్లవాడు పాక్కుంటూ మంచం కిందికి దూరాడు" అనేది "ద బాయ్ క్రాల్డ్ అండర్ ద బెడ్" అవుతుంది. ఎలా కదిలారో చెప్పనవసరం లేకపోతే "గో", "కమ్", "గెట్" వంటి సాదా క్రియ చాలు.

రెండో మెట్టు: తెలుగు ప్రత్యయాన్ని గమనించండి

ఇక్కడ తెలుగు మనకు చాలా సాయం చేస్తుంది. లో, లోకి, లోంచి అనే మూడింటికి "ఇన్", "ఇంటు", "అవుట్ ఆఫ్" సరిపోతాయి. మీద, మీదికి, మీంచి అనే మూడింటికి "ఆన్", "ఆన్‌టు", "ఆఫ్" సరిపోతాయి. "హీ ర్యాన్ ఇన్ ద పార్క్" అంటే పార్కులో పరిగెత్తాడు, "హీ ర్యాన్ ఇంటు ద పార్క్" అంటే బయటి నుంచి పార్కులోకి పరిగెత్తాడు. మాట్లాడేటప్పుడు ఇంగ్లీషువారు కొన్నిచోట్ల "ఇంటు"కు బదులు "ఇన్" అనేస్తారు గానీ, నేర్చుకునేవారు తేడా పాటించడమే మేలు.

అదే విధంగా "గుడికి నడిచాను" అంటే "వాక్డ్ టు ద టెంపుల్", "గుడి వైపు నడిచాను" అంటే "వాక్డ్ టువర్డ్స్ ద టెంపుల్". రెండో వాక్యం విన్నవారికి మీరు గుడికి చేరారో లేదో తెలియదు. విసరడంలోనూ ఇలాంటి తేడా ఉంది: స్నేహితుడు పట్టుకోవాలని బంతి విసిరితే "త్రో టు", కుక్క మీద రాయి విసిరితే "త్రో ఎట్".

మూడో మెట్టు: "నుంచి" వచ్చినప్పుడు ఆగి ఆలోచించండి

అసలు చిక్కు ఇక్కడుంది. మన "నుంచి" రెండు పనులు చేస్తుంది: బయలుదేరిన చోటును చెబుతుంది, మధ్యలో దాటిపోయిన చోటునూ చెబుతుంది. "గోడ మీంచి పడ్డాడు" అన్నప్పుడు గోడ మొదలు. అతను దాని మీద ఉన్నాడు, పడ్డాడు. కాబట్టి "హీ ఫెల్ ఆఫ్ ద వాల్". "దొంగ గోడ మీంచి దూకి లోపలికి వచ్చాడు" అన్నప్పుడు గోడ నడిమి అడ్డు మాత్రమే. అక్కడ "జంప్డ్ ఓవర్ ద వాల్" అనాలి. "ఊళ్ళోంచి వెళ్ళిపోయాడు" అంటే "అవుట్ ఆఫ్ ద విలేజ్". "బస్సు మా ఊళ్ళోంచి వెళుతుంది" అంటే "త్రూ అవర్ విలేజ్". తెలుగులో రెంటికీ ఒకే రూపం ఉన్నా, విన్నవారు సందర్భాన్ని బట్టి పోల్చుకుంటారు. ఇంగ్లీషులో ఆ ఎంపికను మాట్లాడేవారే చేయాలి.

అది నడిమి చోటు అని తేలాక, దాని ఆకారం ఎలా ఉందో చూడాలి. చుట్టూ ఏదైనా కమ్మి ఉంటే "త్రూ": అరకు వెళ్ళే రైలు సొరంగాల గుండా పోతుంది, మనం జనంలోంచి తోసుకుంటూ పోతాం, రెండింటికీ "త్రూ". పరచినట్టుండే చోటును ఈ అంచు నుంచి ఆ అంచుకు దాటితే "అక్రాస్": రోడ్డు, మైదానం, ప్రకాశం బ్యారేజీ. అడ్డుగా నిలిచినదాని పైనుంచి పోతే "ఓవర్". పొడవునా వెంబడి సాగితే "అలాంగ్". ఆగకుండా పక్కనుంచి పోతే "పాస్ట్". కృష్ణ ఒడ్డు వెంట నడిస్తే "అలాంగ్ ద రివర్" అనాలి, నదిని ఈదితే "అక్రాస్ ద రివర్" అనాలి. ఈ రెంటినీ తారుమారు చేస్తే వినేవారు కంగారుపడతారు.

నాలుగో మెట్టు: ఎక్కడం, దిగడం

మనం బస్సు, కారు, ఆటో, గుర్రం, విమానం అన్నీ ఎక్కుతాం, అన్నీ దిగుతాం. ఇంగ్లీషులో మాత్రం వాహనాన్ని బట్టి మాట మారుతుంది. లోపల నిలబడి నాలుగడుగులు వేయగలిగిన బస్సు, రైలు, విమానం, ఓడ వంటివాటికి "గెట్ ఆన్", "గెట్ ఆఫ్" అనాలి. వంగి లోపల కూర్చోవలసిన కారు, ఆటో, టాక్సీలకు "గెట్ ఇంటు", "గెట్ అవుట్ ఆఫ్" అనాలి. కాళ్ళు అటూ ఇటూ వేసి కూర్చునే సైకిల్, బైకు, గుర్రానికి మళ్ళీ "ఆన్", "ఆఫ్" వస్తాయి. "గెట్ డౌన్ ఫ్రమ్ ద బస్" అనేది మన దేశమంతటా వినిపించే మాటే, ఇక్కడ ఎవరికీ అర్థం కాకపోదు. కానీ బ్రిటన్‌లోనో అమెరికాలోనో డ్రైవరును ఆపమని అడిగేటప్పుడు "ఐ వాంట్ టు గెట్ ఆఫ్ హియర్" అంటేనే సహజంగా ఉంటుంది.

అయిదో మెట్టు: "కి" కనబడగానే "టు" పెట్టకండి

"కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్" అని బడిలో వల్లె వేసిన అలవాటో ఏమో, ప్రతి "కి"నీ "టు"గా మార్చేస్తాం. ఇంటికి వెళ్ళాను అంటే "వెంట్ హోమ్" మాత్రమే. "దేర్", "హియర్", "అబ్రాడ్", "అప్‌స్టెయిర్స్" ముందు కూడా "టు" రాదు. "గో షాపింగ్" అన్నప్పుడూ అంతే.

కొన్ని క్రియలు తెలుగు క్రియల్లాగే దారిని కడుపులో పెట్టుకుని ఉంటాయి. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక ఫ్రెంచి మాటలు ఇంగ్లీషులోకి వెల్లువెత్తాయి. ఫ్రెంచి కూడా ఈ విషయంలో మన వైపు భాషే. అలా వచ్చిన "ఎంటర్", "అప్రోచ్" అనేవాటికి ప్రిపోజిషన్ అక్కరలేదు: గదిలోకి ప్రవేశించడం "ఎంటర్ ద రూమ్" మాత్రమే. ఒప్పందం చేసుకోవడానికి మాత్రం "ఎంటర్ ఇంటు" అంటారు. "రిటర్న్"లోనే తిరిగి అనే అర్థం ఉంది కాబట్టి "రిటర్న్ బ్యాక్" అనవసరం. "రీచ్" ఫ్రెంచి నుంచి రాకపోయినా అదే దారిలో నడుస్తుంది: "రీచ్డ్ హైదరాబాద్" అనాలి, "రీచ్డ్ టు" అనకూడదు.

"అరైవ్" కథ వేరు. దాని మూలమైన లాటిన్ మాటకు ఒడ్డుకు చేరడం అని అర్థం. చేరడం అందులోనే ముగిసింది కాబట్టి ఇక ఎక్కడున్నామో చెప్పడమే మిగిలింది. అందుకే ఊరికి, దేశానికి "ఇన్", స్టేషను వంటి చోటుకు "ఎట్" వస్తుంది.

ఆరో మెట్టు: మీ దారినే చెప్పి చూడండి

రోజూ మీరు నడిచే దారిని ముందు తెలుగులో చెప్పుకోండి: "ఇంట్లోంచి బయటికొచ్చి, మెట్లు దిగి, సందు వెంబడి నడిచి, గుడి పక్కనుంచి పోయి, రోడ్డు దాటి బస్టాపుకు చేరతాను." ఇందులో ఆరు క్రియలున్నాయి. ఇంగ్లీషులో ఒక్క క్రియతో సరిపోతుంది: "ఐ వాక్ అవుట్ ఆఫ్ ద హౌస్, డౌన్ ద స్టెప్స్, అలాంగ్ ద లేన్, పాస్ట్ ద టెంపుల్ అండ్ అక్రాస్ ద రోడ్ టు ద బస్ స్టాప్." ఈ వాక్యాన్ని నోటితో పైకి పలికి, తర్వాత "వాక్" స్థానంలో "రన్" పెట్టి, ఆ తర్వాత బస్టాపు నుంచి ఇంటికి వచ్చే దారిని అదే పద్ధతిలో వెనక్కి చెప్పండి. చివరి మాట ఇల్లే అయితే, "ఇంటు ద హౌస్" అనవచ్చు, "హోమ్" అనవచ్చు, "టు హోమ్" మాత్రం అనకండి.